ఎక్కడం ఒకవైపే: తిరుపతి ఘాట్ల మీద ఒక రోజు సైకిల్ ప్రయాణానికి ప్లాన్

తిరుపతి నుంచి సైకిల్ మీద ఘాట్ ఎక్కి రావాలనుకునే వాళ్ల మనసులో మొదట మెదిలే ప్రశ్న "ఎక్కగలనా?" అన్నదే. ప్లాన్ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఎంత మిట్ట, ఎన్ని మలుపులు, ఏ గేరు, ఎన్నాళ్ల ప్రాక్టీసు అంటూ లెక్కలు వేసుకుంటారు. ఈ ప్రాంతంలో ఎక్కడమన్నది రోజు మొత్తంలో గంట, గంటన్నర పని. అదీ పొద్దున్నే, చల్లపూట, కాళ్లలో సత్తువ ఉండగానే అయిపోతుంది. ఆ తర్వాత ఆరేడు గంటలుంటాయి. పైన ఎండలో తొక్కే దూరం, మధ్యాహ్నం అలసిపోయాక దిగాల్సిన ఘాట్, ఇంటికి చేరే ముందు ఎదురుగాలి ఆ గంటల్లోనే వస్తాయి. సగంలో ఆగిపోయిన ప్రయాణాలు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. కాబట్టి ప్లాన్ అటు చివరనుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి.

ఎందుకిలా అంటే, ఇక్కడి నేల తీరే అలాంటిది. ఆల్ప్స్ పర్వతాల్లో ఒక కనుమ దాటడమంటే గోడ ఎక్కి అవతలికి దిగడం. ఎంత ఎక్కితే దాదాపు అంత దిగుతారు, మళ్లీ ఇంకో గోడ ఎక్కుతారు. పాత చిత్తూరు జిల్లా అలా ఉండదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిత్తూరు 330 మీటర్ల దగ్గర ఉంటుంది. పలమనేరు, మదనపల్లె 700 మీటర్లకు కాస్త తక్కువ. మైసూరు పీఠభూమి తూర్పు కనుమల గుండా మైదానంలోకి దిగే అంచు ఇది. దిగడం కూడా ఒక్కసారిగా కాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. భాకరాపేట ఘాట్, దామలచెరువు కనుమ, మొగిలి ఘాట్ ఆ మెట్ల మీద వేసిన దారులు. తిరుపతి వైపునుంచి మెట్టు ఎక్కితే అవతల వెంటనే పల్లం రాదు. అదే ఎత్తులో గంటల తరబడి తొక్కాలి. ఎక్కిన ఎత్తంతా తిరుగుదారి దాకా మనతోనే ఉంటుంది. మళ్లీ కింద ఊరికి చేరాలంటే రోజు చివర్లో, ఒంట్లో శక్తి అడుగంటాక, దాన్ని ఒకేసారి దిగాలి.

ఈ కనుమల ప్రాముఖ్యం సైకిల్ వాళ్లకే తెలిసింది కాదు. 1740 మేలో మరాఠా సేన కిందికి దిగకుండా ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దామలచెరువు కనుమ దగ్గర కాపుకాశాడు. రఘూజీ భోంస్లే సేన ఆయనకు ఎదురుగా రాకుండా వేరే దారిన చుట్టి వచ్చి వెనకనుంచి పడింది. నవాబు ఆ యుద్ధంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పైనేలకూ కింది నేలకూ మధ్య తలుపులు ఇవే. ఒక తలుపున ఎక్కి ఇంకో తలుపున దిగే అవకాశం ఉండబట్టే ఇక్కడ ఒక్కరోజులో మంచి చుట్టు కుదురుతుంది.

ఏ దారి

తిరుపతి వాళ్లకు అన్నిటికన్నా సరిపోయే చుట్టు ఇది. తిరుపతి, చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కాలి. అక్కడినుంచి పీలేరు, తర్వాత దక్షిణానికి తిరిగి కల్లూరు. కల్లూరు నుంచి కనుమ దిగి దామలచెరువు, పాకాల, మళ్లీ చంద్రగిరి. మొత్తం 130 నుంచి 140 కిలోమీటర్ల మధ్య వస్తుంది. రెండు కనుమలూ ఇందులోనే ఉన్నాయి. వచ్చిన దారినే తిరిగి రావాల్సిన పని లేదు. మధ్యలో తిండి, నీళ్లు దొరికే ఊళ్లు ఉన్నాయి. అవసరమైతే తెంపుకుని వెనక్కి రావడానికీ వీలుంది.

ఇదే చుట్టును తిప్పి, అంటే పాకాల వైపు ఎక్కి భాకరాపేట ఘాట్ దిగి రావచ్చు కదా అనిపిస్తుంది. వద్దనడానికి బలమైన కారణమే ఉంది. భాకరాపేట ఘాట్ మలుపులు కఠినమైనవి, పక్కన లోయ ఉంది, బస్సులూ లారీలూ ఎక్కువ. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి బయల్దేరిన బృందం బస్సు ఈ ఘాట్ దిగుతూనే లోయలో పడింది, పలువురు చనిపోయారు. రోడ్డు తెలిసిన డ్రైవర్లకే అంత జాగ్రత్త కావాల్సిన చోటు అది. దాన్ని పొద్దున ఎక్కితే గంటకు పది కిలోమీటర్ల వేగంతో, మలుపు మలుపూ చూసుకుంటూ పోతాం. మధ్యాహ్నం దిగితే అలసిన చేతులతో, గంటకు నలభై దాటిన వేగంతో చూడాలి. కఠినమైన ఘాట్‌ను ఎక్కడానికి, తేలికైన కనుమను దిగడానికి వాడుకోవడం మంచిది.

చిత్తూరు వాళ్లకు ఇంకో దారి ఉంది, అది చాలా అందమైనది. చిత్తూరు నుంచి బంగారుపాళెం, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు ఎక్కాలి. అక్కడినుంచి పుంగనూరు, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్. సుమారు 120 కిలోమీటర్లు. 330 నుంచి 680కి ఒక మెట్టు, అక్కడినుంచి 1,260 మీటర్ల పైచిలుకుకు ఇంకో మెట్టు. కొండ అడుగునుంచి చివరి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు చెట్ల నీడలో మెలికలు తిరిగే దారి. ఏనుగు మల్లమ్మ కొండ అని ఊరివాళ్లు పిలుచుకునే ఆ కొండ మీద 1870ల్లో కడప కలెక్టర్ హార్సిలీ ఇల్లు కట్టుకున్నాడు, ఆయన పేరే నిలిచిపోయింది. ఈ దారిలో ప్రయాణం పైనే ముగుస్తుంది. దిగే పని మర్నాడు పొద్దున, నిద్రపోయి లేచిన ఒంటితో. రాత్రి ఉండే వీలుంటే రెండు దారుల్లో ఇదే మేలు. అయితే మొగిలి ఘాట్ చెన్నై–బెంగళూరు రోడ్డు మీదుంది. లారీలకు వేళాపాళా ఉండదు. 2024 సెప్టెంబరులో ఆ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు, లారీ గుద్దుకుని పలువురు చనిపోయారు. రోడ్డు వెడల్పుగానే ఉన్నా, తెల్లారిన కాసేపటికే ఆ భాగం దాటేలా బయల్దేరాలి.

తిరుమల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే తిరుపతిలో సైకిల్ కొన్న ప్రతివాళ్ల కళ్లూ మొదట దాని మీదే పడతాయి. రెండు ఘాట్ రోడ్లున్నాయి. 1944లో తెరిచిన మొదటిది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురుగా బండ్లు రాకపోవడం పెద్ద సౌకర్యం. సుమారు 17 కిలోమీటర్లలో 650 మీటర్లు ఎక్కడం, అంటే సగటున 4 శాతం వాలు. శక్తి ఎంతో కొలుచుకోవడానికి మంచి తూకం రాయి. కానీ అది యాత్రికుల దారి, టీటీడీ అజమాయిషీలో ఉన్న దారి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలయ్యాక, ద్విచక్ర వాహనాలకు రాత్రివేళ ఆంక్షలు వచ్చాయి. వేళలు, నియమాలు మారుతూ ఉంటాయి. సైకిల్ తీసుకుని వెళ్లేముందు అలిపిరి టోల్‌గేట్ దగ్గర అడిగి తెలుసుకోవాలి, కాదంటే మారుమాట్లాడకుండా వెనక్కి రావాలి. పైగా అది మెట్టు కాదు, కొస. ఎక్కి దిగడమే తప్ప ముందుకు దారి లేదు. రోజంతా సాగే ప్రయాణానికి అది పనికిరాదు.

గడియారం

ఎప్పుడు వెళ్లాలన్నది ముందు తేల్చుకుంటే మిగతా ప్రశ్నలు సగం తీరిపోతాయి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు ఈ చుట్టు తలపెట్టకూడదు. జూన్, జులైలలో దామలచెరువు మామిడి మండీల సీజన్. తోతాపురి లోడు ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుమల ఘాట్ రోడ్లు మూతపడ్డాయి. ఆ డిసెంబరు ఒకటిన రెండో ఘాట్ మీద కొండచరియలు విరిగిపడ్డాయి. వాన వెలిసిన వారం దాకా ఏ ఘాట్‌నూ నమ్మకూడదు. కొండలో ఊరిన నీరు వాన ఆగాక కూడా రాళ్లను కదుపుతూనే ఉంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలిన రోజుల్లో అన్నిటికన్నా అనువైనది డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అంతే, ఏడెనిమిది వారాలు.

జనవరిలో తిరుపతిలో సూర్యోదయం 6.40 ప్రాంతంలో అవుతుంది, సాయంత్రం ఆరుకు పొద్దుగూకుతుంది. పదకొండు గంటల వెలుతురు. ఈ దూరానికి అది చాలు, వృథా చేసేంత మాత్రం లేదు. సమయం లెక్క వేసేటప్పుడు చాలామంది మొత్తం దూరాన్ని సగటు వేగంతో భాగించేస్తారు. చదునులో గంటకు 25 తొక్కేవాళ్లు 135 కిలోమీటర్లకు అయిదున్నర గంటలని తేల్చేస్తారు. ఘాట్ల రోజున ఆ లెక్క పనికిరాదు. దూరానికి గంటకు 23 చొప్పున వేసుకుని, ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు కలపాలి. ఆగే సమయం వేరుగా కలపాలి. చిన్న మిట్టలన్నీ కలిపి మొత్తం ఎక్కుడు వెయ్యి మీటర్లు వచ్చిందనుకుందాం. దూరానికి ఆరు గంటలు, ఎత్తుకు గంటా నలభై నిమిషాలు, ఆగడాలకు గంటంబావు. మొత్తం తొమ్మిది గంటలు. బ్రెవే అనే, గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సైకిల్ ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఇవ్వడం వెనక కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. తిండికి, పంక్చరుకు, మిట్టలకు కలిపి ఇచ్చే గడువు అది.

ఎత్తు లెక్కకు మ్యాప్ యాప్‌ను నమ్మేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వీటిలో చాలావాటికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు. అది ముప్పై మీటర్ల గడులుగా ఉండే కొలత. కొండ వాలును చెక్కి వేసిన ఘాట్ రోడ్డు పది మీటర్ల వెడల్పు కూడా ఉండదు. కాబట్టి యాప్ రోడ్డు ఎత్తుకు బదులు పక్కనున్న కొండదో లోయదో తీసుకుని, ఒకచోట 18 శాతం మిట్ట, ఆ వెంటనే పల్లం చూపిస్తుంది. లారీలు ఎక్కే రోడ్డు మీద అలాంటి వాలు ఉండదు. యాప్‌లో ఆ మిట్టకు కనిపించే ఎర్రరంగు చూసి హడలిపోనక్కర్లేదు. ఘాట్ అడుగు ఎత్తు, పైన ఊరి ఎత్తు తీసుకుని దూరంతో భాగిస్తే వచ్చే సగటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

బయల్దేరడం 5.30కి. చంద్రగిరి దాకా లైట్లు వేసుకుని పోవాలి. రంగంపేట దాటేసరికి తెల్లవారుతుంది. ఘాట్ అడుగున ఏడు గంటలు. ఇంకా ముందే, నాలుగింటికే బయల్దేరితే ఎండ తప్పుతుంది కదా అని కొందరు అంటారు. ఇక్కడ అది తప్పు. ఆ ఘాట్ శేషాచలం అడవి గుండా పోతుంది. చిరుతలున్నాయి. చంద్రగిరి, పులిచర్ల మండలాల్లో ఏనుగులు పొలాల మీద పడిన వార్తలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులదే. సైకిల్‌కు చప్పుడుండదు. ఏనుగుకు మనం దగ్గరికి వచ్చేదాకా తెలియదు, మలుపు తిరిగేదాకా అది మనకు కనబడదు. ఘాట్‌లోకి అడుగుపెట్టేది బాగా వెలుగొచ్చాకే. దారిలో పచ్చి లద్దె, విరిగిన కొమ్మలు కనిపిస్తే ఆగి, లారీయో బస్సో వచ్చేదాకా ఉండి, దాని వెనకే కదలాలి.

ఎక్కేటప్పుడు

ఎక్కడంలో ఉన్నది బరువుకీ ఎత్తుకీ సంబంధించిన చిన్న లెక్క. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 80 కిలోలు అనుకుంటే, తిరుమల ఘాట్ అంత ఎత్తు, అంటే 650 మీటర్లు, పైకి చేర్చడానికి సుమారు 5.1 లక్షల జౌళ్ల శక్తి కావాలి. పెడల్ మీద 150 వాట్లు నిలకడగా పెట్టగలిగే మనిషికి, గాలికీ టైర్ల రాపిడికీ పోగా, గంటా పావు పడుతుంది. 120 వాట్లయితే గంటన్నర. పావుగంట తేడా అంతే. ఆ పావుగంట కోసం మొదటి మిట్ట మీద ఒంట్లో ఉన్నదంతా ఖర్చు చేసేవాళ్లు పీలేరు దాటాక చింతచెట్టు కింద కూర్చుంటారు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో రెండు మూడు మాటల వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగేంత తీరికగా ఎక్కాలి. మాట తెగుతోందంటే తగ్గించాలి.

గేరు విషయంలో పౌరుషానికి పోకూడదు. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లు ఉంటే, నిమిషానికి 70 చుట్లు తొక్కినా వేగం గంటకు 9.4 కిలోమీటర్లే. 8 శాతం మిట్ట మీద మామూలు మనిషికి అదే తగిన వేగం. వెనక పెద్ద పళ్లచక్రం 25 దగ్గరే ఆగిపోతే, అదే వేగానికి నిమిషానికి 50 పైచిలుకు చుట్లే తిరుగుతాయి. ప్రతి తొక్కుడూ మోకాలి మీద పడుతుంది. ఆ నొప్పి ఘాట్‌లో తెలియదు, 100 కిలోమీటర్ల తర్వాత తెలుస్తుంది. 32 లేదా 34 పళ్ల దాకా ఉండే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వేయించుకోవడం కొత్త చక్రాలు కొనడం కన్నా వంద రెట్లు ఉపయోగం.

ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద ఎడమకు తిరిగే హెయిర్‌పిన్ మలుపులో సైకిల్ లోపలి అంచున పడుతుంది. మలుపు మొత్తంలో ఎక్కువ నిటారుగా ఉండేది ఆ అంచే. దగ్గరికి రాకముందే గేరు తగ్గించుకోవాలి. మిట్ట మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైన్ జారుతుంది. వెనకనుంచి చప్పుడు లేకపోతే ఒక అడుగు బయటికి జరిగి తిరిగితే వాలు తగ్గుతుంది. చప్పుడుంటే అంచునే ఉండాలి. కుడికి తిరిగే మలుపులు మనకు తేలిక, కానీ కిందికి దిగే లారీ తన వెనక చక్రాలను తిప్పుకోవడానికి మన వైపుకి వచ్చేది అక్కడే. లారీ హారన్ వినబడితే మలుపు మొదట్లోనే ఆగి దాన్ని పోనివ్వడానికి చిన్నతనపడాల్సింది లేదు.

పైన ఎండలో

భాకరాపేటలో టిఫిన్. ఆకలి వేసినా వేయకపోయినా తినాలి. గంటకు 50–60 గ్రాముల పిండిపదార్థం ఒంట్లో పడుతూ ఉంటేనే ఇంత దూరం సాగుతుంది. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు, చిన్న నిమ్మకాయంత బెల్లం ముక్కలో 20 దాకా ఉంటాయి. ఇడ్లీలు బాగుంటాయి, కారం దోసె, పూరీ వద్దు. నూనె అరగడానికి రక్తం కడుపులోకి పోతుంది, కాళ్లు బరువెక్కుతాయి. పల్లీ చిక్కీ అందరూ జేబులో వేసుకుంటారు. అది మంచిదే, కానీ పల్లీల్లో నూనె ఎక్కువ, త్వరగా శక్తినివ్వదు. మొదటి సగంలో తినాలి, చివర్లో బెల్లం, ఖర్జూరం.

నీళ్లు గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు. రెండు సీసాలుంటే రెండు గంటలకు సరిపోతాయి, అంటే భాకరాపేట, పీలేరు, కల్లూరు, దామలచెరువు నాలుగు చోట్లా నింపుకోవాలి. సగం మిగిలి ఉంది కదా అని ఏ ఊరూ దాటిపోకూడదు. ఉత్త నీళ్లే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. మెడ మీదా, జెర్సీ మీదా తెల్లటి ఉప్పు గీతలు తేలినవాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలుపుకోవాలి. ప్యాకెట్టు సగం వేసి అరలీటరు సీసాలో కలిపితే సరిపోతుంది, చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ అంతకన్నా హాయిగా దిగుతుంది.

పీలేరు చేరేసరికి 9.30, ఆలస్యమైతే 10. ఈ రోజు ప్లాన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన గీత ఇదే. 10.30 దాటినా పీలేరు రాలేదంటే చుట్టు వదిలేయాలి. భోజనం చేసి, పీలేరు నుంచి బండి మాట్లాడుకుని తిరుపతి చేరాలి. ఈ నిర్ణయం ముందురోజు రాత్రే తీసుకుని, తోడు వచ్చేవాళ్లకు చెప్పేయాలి. దారిలో తీసుకుందామంటే కుదరదు. ఎండదెబ్బ తగిలిన మనిషికి తనకు ఎండదెబ్బ తగిలిందని తెలియదు. "ఇంకొంచెం దూరమే కదా" అంటాడు. చెమట ఆగిపోవడం, వణుకు, మాట తడబడటం కనిపిస్తే పక్కవాళ్లు ఆయన్ని ఆపి, నీడలో పడుకోబెట్టి, తలమీద, మెడమీద నీళ్లు పోసి 108కి ఫోన్ చేయాలి. ఘాట్ లోపల సిగ్నల్ తెగుతూ ఉంటుంది కాబట్టి ఒంటరిగా ఈ చుట్టు వేయకపోవడమే మంచిది.

పంక్చర్ల గురించి ఒకే మాట. పీలేరులో, పాకాలలో పంక్చర్ షాపులున్నాయి గానీ సన్న టైరు ట్యూబు, దాని సన్న వాల్వుకు పట్టే పంపు దొరకవు. రెండు ట్యూబులు, ప్యాచీలు, చిన్న పంపు, రూపాయి నాణెమంత ఉండే వాల్వు అడాప్టరు మన దగ్గరే ఉండాలి. రోడ్డు వారన పేలిన లారీ టైర్ల సన్న తీగలు పడి ఉంటాయి. ట్యూబు మార్చేముందు టైరు లోపల బొటనవేలితో నెమ్మదిగా చుట్టూ తడిమి ఆ తీగ ముక్క తీయకపోతే, కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది.

దిగేటప్పుడు

కల్లూరు తర్వాత కనుమ. ఎక్కేటప్పుడు 650 మీటర్లకు అయిన 5.1 లక్షల జౌళ్ల లెక్క దిగేటప్పుడు తిరగబడుతుంది. ఆ శక్తి ఎక్కడికో పోవాలి. లీటరున్నరకు పైగా నీళ్లను మరిగించేంత వేడి అది. వేగంగా పోతే ఎక్కువ భాగం గాలి మింగుతుంది. భయపడి బ్రేకు పట్టుకునే దిగితే అదంతా చక్రం అంచులోకి, బ్రేకు ముక్కల్లోకి పోతుంది. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును పట్టే బ్రేకులున్న సైకిల్‌కు ఇది నిజమైన ప్రమాదం. అంచు కాలి లోపల ట్యూబు పేలడం, కార్బన్ అంచయితే మెత్తబడటం జరుగుతాయి. దామలచెరువు కనుమ ఎత్తు తిరుమలంత లేకపోవడం ఇక్కడ కలిసొస్తుంది, అయినా పద్ధతి మారదు. తిన్నగా ఉన్న చోట బ్రేకు వదిలి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులోకి వెళ్లాక వదిలేయాలి. మలుపు మధ్యలో, సైకిల్ ఒరిగి ఉండగా ముందు బ్రేకు పట్టడం వల్లే ఎక్కువమంది పడిపోతారు. కంకర ఎక్కువగా చేరేది కూడా మలుపుల వెలుపలి అంచునే, లారీ చక్రాలు అక్కడికే చిమ్ముతాయి.

ఇంకొకటి ఉంది, చాలామందికి తోచనిది. ఆలస్యమై మధ్యాహ్నం తర్వాత తూర్పుకు దిగాల్సి వస్తే ఎండ మన వీపు మీద ఉంటుంది, రోడ్డంతా అద్దంలా కనబడుతుంది. ఎదురుగా ఎక్కి వస్తున్న డ్రైవర్ కళ్లలో మాత్రం సూర్యుడు పడుతున్నాడు. మనకు అతను ఎంత స్పష్టంగా కనబడతాడో అతనికి మనం అంత మసకగా కనబడతాం. ముందు లైటు పగలే వేసుకోవాలి, మిణుకుమనేలా పెట్టాలి. ముదురు రంగు జెర్సీ వేసుకోకూడదు. ఎదురుగా వరసగా బండ్లు వస్తుంటే వాటిని దాటుకుని ఒకటి మన వైపుకి వస్తుందనే లెక్కతోనే దిగాలి.

దామలచెరువు చేరేసరికి 11.30, 12 అవుతుంది. ఇక్కడికి కష్టమైపోయిందనిపిస్తుంది. పాకాల దాటితే స్వర్ణముఖి లోయ వెంబడి చంద్రగిరి దాకా దాదాపు పల్లమే. అక్కడే అసలు చిక్కు. చలికాలంలో ఇక్కడ గాలి ఈశాన్యం, తూర్పు దిక్కులనుంచి వీస్తుంది. పొద్దున భాకరాపేట వైపు ఎక్కుతున్నప్పుడు అది వెనకనుంచి తోసింది, మనకు తెలియలేదు. ఇప్పుడు సరిగ్గా మొహం మీద కొడుతుంది. పల్లం ఇచ్చేదంతా గాలి తీసుకుంటుంది. ఈ నలభై కిలోమీటర్లకు గంటన్నర వేసుకున్నవాళ్లు రెండున్నర గంటలకు చేరతారు. అందుకే పాకాలలో ఆగి, ఇంకోసారి తిని, సీసాలు నింపుకుని, నీడలో అరగంట కూర్చోవాలి. తోడున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు, ముందున్న చక్రానికి ఒక మీటరు దూరంలో, అయిదు నిమిషాలకొకసారి వంతు మార్చుకుంటూ తొక్కితే వెనకున్నవాళ్లకు పని బాగా తగ్గుతుంది. గుంపులో బలమైన మనిషి ఎవరో ఈ పాటికి అందరికీ తెలిసే ఉంటుంది. ఆయన పొద్దున ఘాట్‌లో ముందు పరిగెత్తి పైన ఎదురు చూసే బదులు, ఇక్కడ ముందుండి గాలికి అడ్డం నిలిస్తే గుంపంతా ఇల్లు చేరుతుంది.

చంద్రగిరి కోట గుట్ట ఎడమవైపు కనబడేసరికి రెండు దాటుతుంది. అక్కడినుంచి ఊళ్లో ట్రాఫిక్, సిగ్నళ్లు, కాలేజీ బస్సులు, ఆటోలు. తొమ్మిది గంటలు తొక్కిన ఒళ్లు చూపును కూడా మందగింపజేస్తుంది. చంద్రగిరిలో ఒక కొబ్బరిబోండం తాగి, హెల్మెట్ పట్టీ బిగించుకుని, వెనక లైటు వేసుకుని ఆ చివరి పదిహేను కిలోమీటర్లు నింపాదిగా పోవాలి.